గాబరాయు గుండెదడయు: రైతు సోదరులు తెలిసికొనవలసిన సంగతి

ఈ పత్రికలో మేము సాధారణముగా విత్తనములను గూర్చియు, ఎరువులను గూర్చియు, పైరులకు పట్టు తెగుళ్లను గూర్చియు వ్రాయుచుందుము. ఈ మాసమున పైరునకు గాక, పైరు పెట్టువానికే పట్టు నొక తెగులును గూర్చి వ్రాయబూనితిమి. దీనిచే బాధపడువారు మన గ్రామములలో పలువురు కలరు. కాని వారు సిగ్గుచేత చెప్పుకొనరు. చెప్పుకొన్నను వినువారు నవ్వుదురు. అట్లు నవ్వినవారిలో మేమును ఒకరము. ఆ తప్పును ఒప్పుకొనుచు ఈ వ్యాసము నారంభించుచున్నాము.

ఆబిడ్సులో జరిగిన సంగతి

రెండు సంవత్సరముల క్రిందట జనవరి మాసములో మేము మన సంఘ సభ్యులు నలుగురితో గూడి హైదరాబాదు నగరమునకు పోయితిమి. ట్రూపు బజారులోని రాష్ట్ర సహకార అపెక్సు బ్యాంకులో సంఘపు పని యొకటి యుండెను. అది ముగిసిన పిమ్మట నాంపల్లిలో నుమాయిషు చూడవలెనని అనుకొంటిమి. నుమాయిషు 1938వ సంవత్సరములో ఉస్మానియా విశ్వవిద్యాలయపు పట్టభద్రుల పూనికచే పబ్లిక్ గార్డెన్సులో చిన్న ప్రదర్శనముగా ఆరంభమై, 1946లో నాంపల్లిలోని ఇప్పటి మైదానమునకు మారినదని చదువరులలో పలువు రెరుగుదురు.

తెల్లవారుచుండగా నాంపల్లి స్టేషనులో రైలు దిగితిమి. 1907లో కట్టబడిన ఆ స్టేషను ఎదుట ఎప్పుడును జనసమ్మర్దమే. ఇరానీ హోటలులో చాయ త్రాగి ఆబిడ్సు వైపునకు నడచితిమి. ఆరవ నిజామగు మహబూబ్ ఆలీ ఖాను కొలువులో నుండిన ఆల్బర్టు ఆబిదు అను నతని దుకాణము మూలమున ఆ ప్రాంతమున కాపేరు వచ్చినది. పెద్ద పోస్టాఫీసు సమీపమునకు వచ్చునప్పటికి మాతోడి రైతు లలో ఒకడు చటుక్కున నిలిచిపోయి రెండు చేతులతోను రొమ్ము పట్టుకొనెను. అతడు నలుబది యేండ్ల పత్తిరైతు. పగలంతయు గుంటక తోలినను అలసట యెరుగనివాడు. అట్టివాని మొగము పాలిపోయెను. ఒళ్లంతయు చెమట పట్టెను. చేతులు వణకజొచ్చెను. “అయ్యా, ఊపిరి ఆడుట లేదు, నా పని అయిపోయినది, పిల్లలు జాగ్రత్త” అని మా చేయి పట్టుకొనెను.

మేము వెంటనే ఆటోలో అతనిని ఆసుపత్రికి గొనిపోయితిమి. గుండె నాడిని చూపు ఈసీజీ తీసిరి, రక్తము పరీక్షించిరి, కొన్ని గంటలు పడకపై నుంచి కనిపెట్టి చూచిరి. పిమ్మట డాక్టరు మాతో, “గుండె చక్కగా నున్నది. ఇది భయముచే వచ్చిన పోటు. మేము దీనిని పానిక్ ఎటాక్ అందుము” అని చెప్పెను. ఆ రైతు ముందటి రాత్రి నిద్రపోలేదనియు, ప్రొద్దుటినుండి ఏమియు తినక మూడు కప్పుల చాయ త్రాగెననియు, అప్పు వాయిదా దాటినదను దిగులు నెలరోజులుగా అతనిని తొలుచుచున్నదనియు డాక్టరు అడుగగా తెలిసినది. పక్కనే యుండియు మేమడుగలేదు.

మా తప్పు తరువాత జరిగినది. గండము గడచిన సంతోషముతో మేము నవ్వి, “ఏమియు లేదట, ఊరక భయపడితివి, ధైర్యము తెచ్చుకొనుము” అంటిమి. తక్కినవారును నవ్విరి. అతడు తల వంచుకొనెను. తిరుగు రైలులో ఒక్క మాటయు పలుకలేదు. ఆ పిమ్మట అతడు నగరమునకు రాలేదు. సంఘపు సర్వసభ్య సమావేశమునకు రాలేదు. కొంతకాలమునకు సంతకు పోవుటయు మానెను. ఆ యేడు తన పత్తిని మార్కెట్టు యార్డునకు తోలక, ఇంటి ముంగిటికి వచ్చిన దళారి చెప్పిన ధరకే తూచి యిచ్చెను. ఆ సంగతి విన్ననాడు మాకు తెలిసివచ్చినది: “ఏమియు లేదు” అని మేమన్న మాట నిజము కాదు. గుండెలో జబ్బు లేదు, నిజమే. కాని బాధ యున్నది, దానికి పేరున్నది, కారణమున్నది, చికిత్స యున్నది.

గాబరా యన నేమి?

మన పల్లెలలో దీనిని గాబరా యనియు, గుండెదడ యనియు, జడుపు అనియు అందురు. గాలి సోకినదని తాయెత్తు కట్టువారును కలరు. నాంపల్లిలోని యూసుఫైన్ దర్గాకో, తమ యూరి దేవళమునకో పోయి మ్రొక్కుకొనువారును కలరు. మ్రొక్కు మనస్సునకు నిబ్బరమిచ్చిన మంచిదే. కాని అది డాక్టరు పరీక్షకు బదులు కాజాలదు.

భయము దేవుడిచ్చిన కావలి. అపాయము కంటబడగానే మూత్రపిండముల మీద నుండు చిన్న గ్రంథులు అడ్రినలిన్ అను ద్రవమును రక్తములోనికి వదలును. దానిచే గుండె వేగముగా కొట్టుకొనును, ఊపిరి త్వరపడును, కాళ్లకు చేతులకు రక్తము ఎక్కువగా ప్రవహించును, చెమట పట్టును. పరుగెత్తుటకో పోరాడుటకో దేహమిట్లు సిద్ధపడునని అమెరికా శాస్త్రజ్ఞుడగు వాల్టరు కానన్ 1915లో ప్రకటించిన గ్రంథములో వివరించెను. 2019వ సంవత్సరము జనవరి 30వ తేదీ రాత్రి నుమాయిషు మైదానములో అగ్నిప్రమాదము జరిగి పెక్కు దుకాణములు కాలిపోయినవి. ఆ రాత్రి మంటను చూచి పరుగెత్తినవారి భయము సరియైన భయము. ప్రాణములను కాపాడు భయము.

మంట లేనిచోట అదే భయము పుట్టుటయే గాబరా. మంచె మీది కావలివాడు “అడవిపంది, అడవిపంది” యని కేక వేసెను. ఊరివారందరు కర్రలు కాగడాలు తీసికొని పరుగెత్తి చూడగా, గాలికి జొన్నకంకులు కదలుచుండెను. కావలివాడు అబద్ధమాడలేదు, పొరబడెను. కేక నిజము, పరుగు నిజము, అలసట నిజము. పంది మాత్రము లేదు. గాబరా పట్టినవాని దేహమును ఇట్టిదే. కావున వానిని నటించుచున్నాడనుట అన్యాయము.

ఇది పిరికివాండ్రకు మాత్రమే వచ్చుననుట కూడ పొరబాటు. 1861 మొదలు 1865 వరకు జరిగిన అమెరికా అంతర్యుద్ధములో పోరాడిన సైనికులలో పలువురు గుండెదడ, రొమ్ము నొప్పి, ఆయాసములతో ఆసుపత్రికి రాగా, డకోస్టా అను వైద్యుడు వారిని పరీక్షించి, పెక్కుమంది గుండెలలో చెప్పదగిన చెడుపు కానక, 1871లో ఆ సంగతిని ప్రకటించెను. ఫిరంగుల యెదుట నిలిచినవారికి వచ్చినది మనకు వచ్చుటలో సిగ్గేమి?

లక్షణములు

గాబరా హఠాత్తుగా వచ్చి, కొద్ది నిమిషములలో, సాధారణముగా పది నిమిషములలోపల, ముదిరి, పిమ్మట తగ్గుముఖము పట్టును. అప్పుడు కానవచ్చు గుర్తులు ఇవి: గుండె దడదడ కొట్టుకొనుట, చెమట, వణకు, ఊపిరి ఆడనట్లుండుట, గొంతు పట్టినట్లుండుట, రొమ్ములో నొప్పి, కడుపులో త్రిప్పుట, తల తిరుగుట, వేడి ఆవిరులో చలియో కలుగుట, వ్రేళ్లకు పెదవులకు తిమ్మిరి, చుట్టునున్నది కలవలె తోచుట, మతి తప్పుదునేమో యను భయము, చచ్చిపోవుదు నను భయము. అన్నియు ఒకనికే రానక్కరలేదు. నాలుగైదు కలిసి వచ్చినను చాలును.

తిమ్మిరి యేల కలుగునని పలువురడుగుదురు. భయములో మనుష్యుడు అవసరమునకు మించి ఊపిరి పీల్చి వదలును. అందుచే రక్తములోని బొగ్గుపులుసు వాయువు తగ్గును. దానివలన వ్రేళ్లు తిమ్మిరెక్కును, తల తిరుగును. ఊపిరి చాలలేదని వాడనుకొనును; నిజమునకు ఊపిరి ఎక్కువయినది. ఈ సంగతి తెలిసినవానికి సగము భయము తీరును.

ఇది ఒకటి రెండుమార్లు వచ్చి పోయిన జబ్బు కాదు. కారణము లేకయే మరల మరల వచ్చుచు, మరల వచ్చునేమో యను దిగులు నెలరోజులకు మించి పీడించుచు, దాని మూలమున మనుష్యుడు పనులను చోట్లను మానుకొనునప్పుడు అది చికిత్స చేయదగిన జబ్బు.

గాబరా యని తోసివేయరాని గుర్తులు

మొదటిసారి ఇట్లు వచ్చినప్పుడు ఇది గాబరాయే యని ఇంటిలో ఎవరును తీర్పు చెప్పరాదు. గుండెపోటు కూడ ఇట్లే యుండవచ్చును. రొమ్మును రాయి పెట్టి నొక్కినట్లుండి నొప్పి ఎడమ చేతికి గాని దవడకు గాని ప్రాకుట, బరువు మోసినప్పుడు వచ్చుట, పది పదిహేను నిమిషములైనను తగ్గకుండుట, స్మృతి తప్పుట, పెదవులు నీలివన్నె యగుట, వీనిలో ఏది కనబడినను వెంటనే 108కి ఫోను చేయవలెను. నలుబది దాటినవారును, చక్కెరవ్యాధి, రక్తపు పోటు ఉన్నవారును, పొగ త్రాగువారును మరింత జాగ్రత్తగా నుండవలెను.

వ్యవసాయదారులు మరియొకటి మరువరాదు. పురుగుమందు చల్లిన దినమున చెమట, వణకు, ఆయాసము వచ్చినచో అది మందు విషము కావచ్చును. నోట చొంగ కారుట, కన్నీరు కారుట, వాంతి, విరేచనము, కంటిపాప సూదిమొనవలె చిన్నదగుట, కండరములు అదురుట దాని గుర్తులు. అప్పుడు మందు తడిసిన బట్టలు విప్పించి, సబ్బుతో ఒళ్లు కడిగించి, మందు డబ్బాను చూపుటకు వెంట తీసికొని, తడవు చేయక ఆసుపత్రికి పోవలెను. బట్టలు విప్పువారు చేతి తొడుగులు లేనిదే వానిని తాకరాదు. వడదెబ్బ, రక్తహీనత, గొంతులోని థైరాయిడు గ్రంథి దోషము, చక్కెర పడిపోవుట, త్రాగుడు అలవాటున్నవాడు చటుక్కున మానుట, ఇవి కూడ గుండెదడను పుట్టించును.

ఆయాసమంతయు ఒక్కటి కాదు. ఏటేట మృగశిర కార్తెనాడు నాంపల్లి ఎగ్జిబిషను మైదానములో బత్తినివారు ఇచ్చు చేపప్రసాదమునకై ఉబ్బసరోగులు వేల కొలది వచ్చుట మనమెరుగుదుము. దాని గుణమును శాస్త్రపరీక్షలు స్థిరపరచలేదు. ఉబ్బసములో ఊపిరి వదలునప్పుడు పిల్లికూతలు వినబడును. గాబరాలో సాధారణముగా వినబడవు. ఏ ఆయాసమైనను ముందు డాక్టరు చెవికుండలము పెట్టి వినవలెను, అటుపిమ్మటనే మందు.

గాబరా వచ్చినప్పుడు చేయవలసినది

డాక్టరు పరీక్షించి ఇది గాబరాయే యని చెప్పిన పిమ్మట, మరల వచ్చినప్పుడు ఇట్లు చేయవలెను.

మొదట, “ఇది గాబరా. ఇదివరకు వచ్చినది, పోయినది. ఇప్పుడును పోవును” అని తనకు తాను చెప్పుకొనవలెను. దానితో పెనగులాడరాదు, వానజల్లు వచ్చినప్పుడు చూరు క్రింద నిలిచినట్లు నిలువవలెను.

రెండవది, ఊపిరిని నిదానింపవలెను. ముక్కుతో నాలుగు లెక్కించునంతసేపు పీల్చి, ఆరు లెక్కించునంతసేపు మెల్లగా వదలవలెను. పీల్చుటకంటె వదలుట దీర్ఘముగా నుండవలెను. అరచేయి పొట్టమీద నుంచుకొనిన పొట్ట లేచుట పడుట తెలియును. అయిదు నిమిషములు ఇట్లు చేయవలెను. కాగితపు సంచిలో ఊపిరి పీల్చుమని కొందరు చెప్పుదురు. అది అపాయకరము, చేయరాదు.

మూడవది, దృష్టిని లోపలినుండి వెలుపలికి మరల్చవలెను. పాదములు నేలను నొక్కుచున్నవని గమనింపవలెను. ఎదుటనున్న అయిదు వస్తువులను పేరుపెట్టి చెప్పుకొనవలెను.

నాలుగవది, అపాయము లేని చోటయినచో అక్కడినుండి పరుగెత్తక, తగ్గువరకు అక్కడనే నిలువవలెను. దీని కారణము క్రింద చెప్పెదము.

పక్కనున్నవారు గుంపు కూడరాదు, అరవరాదు, నవ్వరాదు. “నేనిక్కడనే యుందును, నాతోపాటు ఊపిరి వదలుము” అని మెల్లగా చెప్పి కూర్చుండుట చాలును.

బెదిరిన ఎద్దు

ఎద్దు ఒకమారు కల్వర్టు దగ్గర బెదిరినదనుకొందము. బండివాడు దానిని వెనుకకు మరల్చి చుట్టుదారిన తోలుకొనిపోయెను. మరునాడును అట్లే చేసెను. పది దినములకు ఆ ఎద్దు కల్వర్టును దూరమునుండి చూచియే బెదరును. నెలకు ఆ దారి మొగమే పట్టదు. తెలిసిన సేద్యగాడు అట్లు చేయడు. ఎద్దును కొట్టక, మరల్చక, మెడ నిమురుచు నాలుగడుగులు నడిపించి నిలుపును; బెదురు తీరిన పిమ్మట మరి నాలుగడుగులు. నాలుగు దినములలో ఎద్దు తానే దాటును.

మనస్సు గతియు ఇదియే. గాబరా వచ్చిన చోటునుండి పారిపోయినచో, “పారిపోయినందుననే బ్రతికితిని” అని మనస్సు నేర్చుకొనును. నగరము, సంత, బ్యాంకు, బస్సు, ఒక్కొక్కటే మూతపడును. గాబరా చేయు నష్టము పది నిమిషములది. మానుకొనుట చేయు నష్టము ఏండ్ల తరబడి యుండును. మా రైతు పత్తి ధరలో పోగొట్టుకొన్నది ఈ రెండవ నష్టమువలననే.

చికిత్స

ఈ జబ్బునకు మంచి చికిత్స కలదు. ఒకటి మాటలతో చేయునది: తప్పుడు తలంపులను పరీక్షించి, భయపడు చోట్లకు మెట్లు మెట్లుగా అలవాటు చేయుట. రెండవది మందులు. డాక్టరు సాధారణముగా ఇచ్చు మందులు పనిచేయుటకు కొన్ని వారములు పట్టును, గుణము కనబడిన పిమ్మటను కొన్ని నెలలు వాడవలెను, చెప్పక మానరాదు. నిద్రమాత్రల వంటివి వెంటనే శాంతి నిచ్చును గాని అలవాటు పడును. డాక్టరు చెప్పినన్ని దినములే వాడవలెను, పొరుగువాని చీటిపై కొనరాదు. కల్లు సారాయములతో భయమును అణచువాడు మరునాడు రెండింతల భయముతో లేచును. చాయ కాఫీలు తగ్గించుట, వేళకు తినుట, నిద్రపోవుట సగము మందు.

ఎక్కడికి పోవలెననగా, మొదట ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు. అటనుండి జిల్లా ఆసుపత్రికి. హైదరాబాదులో ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయము కలదు. అచటికి పోయినంతమాత్రమున పిచ్చివాడని యెవరును అనరాదు. 2017వ సంవత్సరపు మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ప్రకారము ప్రభుత్వముచే నడుపబడు చికిత్సాలయములలో చికిత్స పొందుట ప్రతి మనుష్యుని హక్కు. ఇల్లు కదలలేనివారు 14416కు ఫోను చేయవచ్చును. 2022 అక్టోబరు 10వ తేదీన కేంద్ర ప్రభుత్వము టెలిమానస్ అను పేర దీనిని ఆరంభించినది. రేయింబవళ్లు, ఉచితముగా, తెలుగులో మాటలాడుదురు.

ఎవరైనను “బ్రతికి యేమి లాభము” అని పలికినచో దానిని ఊరకమాటగా తీసికొనరాదు. వానిని ఒంటరిగా విడువక, పురుగుమందు డబ్బాలను తాళములో పెట్టి, తాళపుచెవిని మరియొకరి వద్ద నుంచి, ఆ నంబరునకు వెంటనే ఫోను చేయవలెను.

సంఘము చేయదగినది

వాయిదా దాటినవాడు సంఘపు గడప త్రొక్కుటకు భయపడును. త్రొక్కనందున వడ్డీ పెరుగును. వడ్డీ పెరిగినందున భయము పెరుగును. కార్యదర్శులు నోటీసు పంపుటకు ముందు ఇంటికి పోయి ఒకమారు మాటలాడినచో ఈ చక్రము తెగును. పంట పోయిన యేట వాయిదాలను మార్చుకొనుటకు గల నియమములను సభ్యులకు చదివి చెప్పవలెను. రైతులును తప్పించుకొని తిరుగక, లెక్క ఎంతయో అడిగి కాగితముపై వ్రాయించుకొనవలెను. తెలిసిన అప్పుకంటె తెలియని అప్పు ఎక్కువ భయపెట్టును.

మా రైతు సంగతి చెప్పి ముగించెదము. మేమతని యింటికి పోయి, “ఆనాడు నవ్వుట మా తప్పు” అంటిమి. అతడు చాలసేపు మాటలాడలేదు. పిమ్మట, “సారూ, అందరి యెదుట మరల పడిపోవుదునేమో యని భయము” అనెను. డాక్టరు సలహాతో మెట్లు మెట్లుగా ఆరంభించితిమి: మొదట బస్సు నిలయమువరకు, పిమ్మట సంతకు, మాతో, పిమ్మట సంతకు, ఒంటరిగా, అటుపిమ్మట మార్కెట్టు యార్డునకు. రెండుమార్లు నడుమ వెనుకకు మరలెను. మూడవమారు మరల బయలుదేరెను. వాయిదా సంగతి సంఘములో కూర్చుండి తేల్చుకొనెను.

ఈ సంవత్సరము జనవరిలో మరల నాంపల్లిలో రైలు దిగితిమి. పెద్ద పోస్టాఫీసు దగ్గరకు వచ్చునప్పటికి అతడు నిలిచెను. మొగమున చెమట కనబడినది. మేమేమియు అనలేదు, పక్కన నిలిచితిమి. అతడు చేయి పొట్టమీద నుంచుకొని మెల్లగా ఊపిరి వదలుచు, రోడ్డుమీద పోవు బస్సులను చూచుచుండెను. కొన్ని నిమిషములు గడచినవి. “వచ్చినది, పోయినది” అని అతడు నడక సాగించెను. సాయంకాలము నుమాయిషులో తన కూతునకు గాజులు బేరమాడి కొనెను.

సోదరులారా, మీ యింట గాని పొరుగున గాని ఇట్టి బాధ పడువాడున్నచో ఈ వ్యాసమును చదివి వినిపింపుడు. నవ్వకుడు. ముందు డాక్టరుకు చూపుడు. పిమ్మట వానితో కలిసి నాలుగడుగులు నడువుడు. ఇంతియే మా మనవి.